పనివాని భారము, పైయధికారి బాధ్యత: దత్తమండలముల పైమాషీ చెప్పు పాఠము

పనిచేయు చోట మనుష్యుని మనస్సునకు కలుగు ఒత్తిడి నేటి యంత్రయుగమున క్రొత్తగా పుట్టినదని పలువురు తలచుచుందురు. గడియారమును, కాగితముల కట్టలును, యంత్రములును రాకముందు పనివాడు నిశ్చింతగా నిదురించెడివాడని మనకొక నమ్మకము. చరిత్ర ఈ నమ్మకమును బలపరుపదు. ఒకని పనిని మరియొకడు కొలిచి, లెక్కగట్టి, తప్పొప్పులు నిర్ణయించు ఏర్పాటు ఎచ్చట నున్నదో అచ్చటనెల్ల ఈ ఒత్తిడియు నున్నది. కాలమునుబట్టి మారినది దాని పేరు మాత్రమే. పూర్వులు దానిని దిగులనిరి, బెంగయనిరి, నౌకరీ కష్టమనిరి.

దీనికి నిదర్శనము వెదకుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమల పొలములలో సుమారు రెండువందల ఇరువది ఏండ్లకు పూర్వము జరిగిన ఒక మహాకార్యమును పరిశీలించిన చాలును. అదియే దత్తమండలముల పైమాషీ, అనగా భూముల కొలత. దానిని నడపినవాడు తామస్ మన్రో. రైతువారీ పద్ధతికి ఆద్యులలో నొకడుగా ఆయనను గూర్చి వ్రాసినవారు పెక్కురు. మేమిచ్చట ఆయనను శిస్తుల నిపుణునిగా గాక, వందలకొలది ఉద్యోగులచేత కష్టమైన పని చేయించిన పైయధికారిగా చూడదలచితిమి. ఆయన చేసిన మంచిలోను, చేయలేకపోయినదానిలోను నేటి మేనేజర్లకును, యజమానులకును పనికివచ్చు పాఠములున్నవి.

1800వ సంవత్సరము అక్టోబరు 12వ తేది నాటి సంధిచే హైదరాబాదు నిజాము, మైసూరు యుద్ధములలో తనకు లభించిన సీమలను ఈస్టిండియా కంపెనీకి ఒప్పగించెను. తన రాజ్యమున నిలుపబడిన కంపెనీ సైన్యపు వ్యయమునకు బదులుగా ఇచ్చిన సీమలు గావున వానికి దత్తమండలములను పేరు వచ్చినది. 1928లో నంద్యాల సభలో రాయలసీమ యను పేరు పెట్టబడు వరకు ఆ పేరే వ్యవహారమున నుండెను. ఈ మండలములకు మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చెను. ఆయన క్రింద నలుగురు ఉపకలెక్టర్లు, వారి క్రింద తహసీల్దార్లు, కచ్చేరి గుమాస్తాలు, ఊరూర రెడ్డి, కరణము, తలారి. పైనుండి క్రిందివరకు మెట్లు మెట్లుగా నున్న ఈ కట్టడములో ప్రతి మెట్టుమీదివాడును పైవానికి సమాధానము చెప్పుకొనవలసినవాడే, క్రిందివానిని అడుగవలసినవాడే.

అప్పటి స్థితిగతులు ఉద్యోగికి సుఖమునిచ్చునవి కావు. కొలది సంవత్సరములలో ఈ నేల మైసూరువారి చేతినుండి నిజాము చేతికిని, నిజాము చేతినుండి కంపెనీ చేతికిని మారినది. దాదాపు ఎనుబదిమంది పాళెగాండ్రు తమ తమ కోటలలో బలముతో నుండిరి. ఊళ్ల లెక్కలు కొన్ని చిరిగినవి, కొన్ని కాలినవి, కొన్ని దాచబడినవి. ఆదోని ప్రాంతమున తెర్నేకల్లులో శిస్తు వ్యవహారమై పోయిన తహసీల్దారు 1801లో హతుడయ్యెను. శిస్తు వసూలునకు వెళ్లిన చిన్న ఉద్యోగి సాయంకాలమునకు ఇల్లు చేరునన్న నిశ్చయము లేని రోజులవి. దానికితోడు 1803, 1804 ప్రాంతమున వానలు తప్పి కఱవు వచ్చెను. వసూలు చేయుమని పైనుండి తాఖీదు, చెల్లింపలేమని క్రిందినుండి మొఱ. ఈ రెంటి నడుమ నలిగినవాడు తహసీల్దారు, వానికంటె ఎక్కువగా నలిగినవాడు గ్రామకరణము. కరణము సర్కారు లెక్క వ్రాయువాడు, ఊరివారితో కలిసి బ్రదుకువాడు. లెక్క తక్కువ వ్రాసిన కచ్చేరిలో ద్రోహి, ఎక్కువ వ్రాసిన ఊరిలో ద్రోహి. నేటి కార్యాలయములలో పైవారికిని క్రిందివారికిని నడుమ చిక్కుకొనిన మధ్యస్థ ఉద్యోగి బాధ ఇదియే గదా!

ఇట్టి చోట పనిచేయింపవలసిన మన్రోకు ఆ విద్య ఎచ్చట అలవడినది? ఆయన 1780లో చెన్నపట్టణమునకు సైనికునిగా వచ్చినవాడు. 1792 నుండి 1799 వరకు బారామహలు సీమలో, అనగా నేటి సేలము, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతములలో, అలెగ్జాండరు రీడ్ అను అధికారి క్రింద సహాయకుడుగా పనిచేసెను. మాక్లియడ్, గ్రాహాము అనువారు అచ్చట ఆయన తోడి సహాయకులు. రీడ్ తన సహాయకులకు ఆజ్ఞలు మాత్రమే పంపి యూరకుండువాడు కాడు. భూములను దీర్ఘకాలపు కౌలునకిచ్చుట మేలా, ఏటేట నిర్ణయించుట మేలా యని ప్రశ్నలు వ్రాసి పంపి, వారి వారి అభిప్రాయములను వ్రాతమూలముగా తెప్పించుకొనెడివాడు. మన్రో తన పైయధికారితో భేదించి వ్రాసెను. అట్లు వ్రాసినందులకు ఆయన ఉద్యోగమునకు హాని కలుగలేదు. పైవానితో భేదించియు నిర్భయముగా నుండగల చోట పనివాని గుండెలమీది బరువులో సగము తగ్గును. తప్పు కనబడినను నోరు మూసికొనవలసి వచ్చుటకంటె మనస్సును క్రుంగదీయునది మరియొకటి లేదు.

అటుపిమ్మట మన్రో కొంతకాలము కన్నడ సముద్రతీరపు సీమలో పనిచేసెను. అచ్చటి ఎడతెగని వానలును, విశ్రాంతి లేని పనియు ఆయనకు సరిపడలేదు. ఆ పనినుండి విడిపింపుమని తానే కోరుకొని ఆయన దత్తమండలములకు వచ్చెను. శరీరమునకును, మనస్సునకును సరిపడని చోటునుండి మార్పు కోరుట దౌర్బల్యము కాదని ఆ మార్పే చాటినది. అట్లు వచ్చినవాడు ఈ సీమలో ఏడేండ్లు నిలిచి, తన జీవితములో కెల్ల ముఖ్యమైన పనిని చేసెను.

ఇక పైమాషీ సంగతి. 1802వ సంవత్సరము జూను నెలలో ఈ పని ఆరంభమైనపుడు దత్తమండలములన్నిటిలోను భూమి కొలత తెలిసినవారు కచ్చేరిలోని నలుగురు గుమాస్తాలు మాత్రమే. ఇంత విశాలమైన సీమకు నలుగురు! తొందరపడు అధికారి యైనచో ఆ నలుగురినే రాత్రింబవళ్లు తరిమి యుండును. మన్రో వారిలో ఇద్దరిని పడమటి సీమలకును, ఇద్దరిని తూర్పు సీమలకును పంపి, స్థానికులకు కొలత నేర్పించుచు పనిచేయుమనెను. మొదట పని మెల్లగా సాగెను. ఆ సంవత్సరాంతమునకు కొలతగాండ్రు ఏబదిమందియైరి. మరుసటి యేటికి నూరుమందియైరి. వారిని జట్లుగా విభజించి, జట్టునకు ఇంచుమించు పదిమంది చొప్పున ఏర్పరచి, ప్రతి జట్టుపైనను ఒక పెద్ద కొలతగానిని నియమించిరి. గొలుసు పొడవు ముప్పదిమూడు అడుగులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల నేల ఒక గుంట. నలువది గుంటలు ఒక ఎకరము. నేటికిని మన రైతులు వాడు గుంట లెక్క ఇదియే.

పని పెరిగినపుడు పనివారిని పెంచుటయు, క్రొత్తవారికి నేర్పుటకై మొదటి నెలల ఆలస్యమును పైయధికారియే సహించుటయు ఇందు గమనింపదగిన విషయము. నేర్పకుండ పనిని మీద వేయుట, వేసిన పిదప తప్పులెన్నుట ఉద్యోగిని కలతపెట్టు కార్యములలో మొదటివి.

జీతముల ఏర్పాటు మరింత ఆలోచింపదగినది. పొలములలో గొలుసు పట్టి కొలుచు సామాన్యపు కొలతగాండ్రకు ఎకరములనుబట్టి కూలి ఏర్పరచిరి. శ్రద్ధగా పనిచేసినవానికి ఖర్చులు పోను నెలకు సుమారు ఆరు వరహాలు రావలెనని అంచనా. అనగా ఆనాటి లెక్కలో ఇరువది రూపాయలకు పైమాట. కాని వారిపైనుండు పెద్ద కొలతగాండ్రకు, అనగా కొలిచినదానిని మరల కొలిచి పరీక్షించువారికి, ఎకరముల లెక్క పెట్టలేదు. వారికి నెలజీతమే. దీనికి మన్రో తన 1807 నాటి నివేదికలో కారణము చెప్పెను. పరీక్షించువానికి సావకాశము కావలెను. వానికిని ఎకరములనుబట్టి ముట్టజెప్పినచో తొందరపడి పనిని పైపైన ముగించును.

ఈ చిన్న ఏర్పాటులో ఒక పెద్ద సత్యమున్నది. కొన్ని పనులను సంఖ్యచే కొలువవచ్చును. కొన్ని పనులకు నిదానమే ప్రాణము. దోషము వెదకువానిని, రోగిని పరీక్షించువానిని, పిల్లలకు చదువు చెప్పువానిని, లెక్కలు సరిచూచువానిని ఇన్నిటికి ఇంత యని తరిమినచో వాని పనియు చెడును, వాని మనస్సును చెడును. తనకు తెలిసిన మేర చక్కగా చేయుటకు కాలము చాలనివాడు ప్రతిదినమును తనయెదుట తానే దోషిగా నిలుచును. మన్రో దయతో మాత్రమే ఇట్లు చేసెనని మేము చెప్పము. కొలత నిక్కముగా నుండవలెనను పట్టుదలయే ముఖ్యకారణము. అయినను పని నిక్కముగా నుండవలెనన్న పనివానికి ఊపిరాడవలెనని ఆయన గ్రహించెను. అదియే మనకు కావలసిన పాఠము.

ఇదే ఏర్పాటునకు రెండవ ముఖమును చూడవలెను. ఎకరముల కూలి పొందు కొలతగాండ్రు కొలది కాలములోనే చేతివాటము సంపాదించిరి. ఉద్యోగమునకై వచ్చువారు గుంపులుగా నుండుటచే కొలతగాండ్రు తక్కువ కూలికి తమ క్రింద సహాయకులను పెట్టుకొనిరి. కొందరికి నెలకు ఎనిమిది, పది వరహాలు, అరుదుగా అంతకు మించియు ముట్టెను. అది చూచి 1803 అక్టోబరునుండి ఎకరమునకిచ్చు కూలిని ఇంచుమించు నాలుగవ వంతు తగ్గించిరి. ఎక్కువ పని చేసినవాని ఫలము రేటు తగ్గుటయేనా? పనివాడు తన నేర్పుచే వేగము పెంచుకొనిన వెంటనే కొలబద్దను మార్చినచో, మరునాటినుండి వానికి తన నేర్పే శత్రువగును. నేటి కర్మాగారములలోను, అమ్మకముల కంపెనీలలోను నెలనెలకు లక్ష్యము పెంచుచు పోవు పద్ధతి పనివారికి కలిగించు బాధ ఇట్టిదే. ఆ తగ్గింపు బరువు చివరకు ఎవరిపై పడినదో ఊహించుట కష్టము కాదు. పేరు లేక, లెక్కలో లేక, తక్కువ కూలికి గొలుసు మోసిన సహాయకునిపై పడియుండును. బండలెండు వేసవిలో పెన్న ఇసుకలను, చిత్రావతి ఒడ్డులను, జ్వరములకు పేరుపొందిన కొండపట్టులను కాలినడకను తిరిగిన ఆ మనుష్యుల పేరులను ఏ పైమాషీ లెక్కయు చెప్పదు.

కొలత ముగిసిన గ్రామములలో భూములకు తరము కట్టు పని జరిగెను. ఇది కొలతకంటె కష్టమైనది. కొలత గొలుసు చెప్పును. నేల మంచిచెడ్డలను మనుష్యుడు చెప్పవలెను. ఎంత చెప్పినను ఎవరో ఒకరు నిందింతురు. అందుచేత తరము కట్టువాని నొక్కనినే బాధ్యునిగా చేయక, రెడ్డి, కరణము, రైతులు దగ్గర నుండగా నేలను తరగతులుగా విభజింపవలెనని ఏర్పరచిరి. దానిని పై పరీక్షకులు తిరిగి చూచిరి. చివరకు కలెక్టరు కచ్చేరిలో రైతుల సమక్షమున సరిచేసిరి. ఒకని తీర్పును పదిమంది యెదుట పరీక్షించుటవలన తప్పులు తగ్గును. అంతేగాక, కష్టమైన తీర్పు చెప్పిన ఉద్యోగి ఒంటరివాడు కాడు. రాత్రి పరుండినపుడు ఆ తీర్పు బరువును వాడొక్కడే మోయనక్కరలేదు.

మన్రో తాను చాలకాలము గుడారములలోనే నివసించి తాలూకా తాలూకా తిరిగెను. ప్రజలతో వారి భాషలోనే మాటాడెను. క్రింది ఉద్యోగుల ఎండను, దుమ్మును, త్రాగునీటి యెద్దడిని తాను నెఱిగినవాడగుటచే, ఏ పని ఎంతకాలమునకు సాధ్యమో ఆయనకు తెలిసెను. దూరమున మేడలో కూర్చుండి దినములు లెక్కించు అధికారికి ఈ జ్ఞానము కలుగదు.

అయినను ఆయన సంపూర్ణముగా సఫలుడు కాలేదు. కారణము ఆయనపైనను పైయధికారులుండిరి. శిస్తును కొన్నేండ్లలో మెల్లమెల్లగా పెంచుట మంచిదని ఆయనకు తెలియును. కాని చెన్నపట్టణపు సర్కారునకు ధనము వెంటనే కావలెను. పైవారిని సంతోషపెట్టవలెనను తొందరచే, ప్రజలకు తాను కోరినదానికంటె కఠినమైన శిస్తును విధింపవలసి వచ్చుచున్నదని ఆయన 1801లోనే ఒక జాబులో ఒప్పుకొనెను. ఒత్తిడి నీరువంటిది, పల్లమునకే పారును. పై సర్కారునుండి కలెక్టరునకు, కలెక్టరునుండి తహసీల్దారునకు, తహసీల్దారునుండి కరణమునకు, కరణమునుండి రైతునకు అది దిగివచ్చెను. రైతునకు క్రింద మరెవ్వరును లేరు. వాని ఎద్దులును, వాని ఆలుబిడ్డలును మాత్రమే యుండిరి.

1807 ఆగస్టులో సెలవుపై స్వదేశమునకు పోవుటకు పూర్వము మన్రో, పైమాషీ శిస్తును నూటికి ఇరువదియైదు చొప్పున తగ్గించుమనియు, బావులక్రిందను చెరువులక్రిందను గల కొన్ని భూములకు మరికొంత తగ్గించుమనియు పైవారికి వ్రాసెను. తాను వేయించిన శిస్తే భారమైనదని తానే చెప్పుట సామాన్యము కాదు. పైవారు అప్పుడు వినలేదు. శిస్తును తగ్గింపకయే గ్రామములను మొత్తముగా కౌలునకిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టిరి. 1820లో మన్రోయే చెన్నరాష్ట్రమునకు గవర్నరై వచ్చిన పిమ్మటనే ఆ తగ్గింపు అమలునకు వచ్చెను. పదమూడేండ్లు! క్రిందివాని మాట సకాలమున వినకున్న కలుగు నష్టమునకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

ఇదే కాలమున కంపెనీ మరియొక తీరున పనిచేయించిన విధమును పోల్చి చూతము. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పట్టణములు పత్తికిని, మగ్గములకును పేరుపొందినవి. ఆ కాలమున నేతగానికి ముందుగా బయానా ఇచ్చి బట్ట తీసికొను పద్ధతి యుండెను. ఒకసారి బయానా తీసికొనినవాడు ఆ ఋణమునుండి బయటపడుట దుర్లభము. గడువునకు బట్ట అందకున్న వాని ఇంటివద్ద బంట్రోతును కూర్చుండబెట్టెడివారు. 1813లో మన్రో ఇంగ్లాండు పార్లమెంటు సభయెదుట సాక్ష్యమిచ్చుచు, బారామహలులో కంపెనీ ఉద్యోగులు ముఖ్యులైన నేతగాండ్రను ఒకచోట చేర్చి, కంపెనీకి మాత్రమే సరుకు ఇత్తుమని ఒప్పుకొనువరకు కావలి పెట్టెడివారని చెప్పెను. గుమ్మమున బంట్రోతు కూర్చున్నపుడు నాడె ఆడించు చేయి వణకకుండునా? పోగు తెగకుండునా? భయపెట్టి చేయించిన పని వేగముగా నగుపడునే గాని, అందు నేర్పు నిలువదు. నేడు బంట్రోతు లేడు. రాత్రి పదిగంటలకు చేతిలోని ఫోనులో మ్రోగు మేనేజరు సందేశము ఆ బంట్రోతు స్థానమున కూర్చున్నదేమో అధికారులు ఆలోచింపవలెను.

దత్తమండలములు కంపెనీ వశమైన 1800వ సంవత్సరమునందే స్కాట్లండులో న్యూ లానార్కు అను చోట రాబర్టు ఓవెన్ ఒక నూలు మిల్లు నిర్వహణము చేపట్టెను. నిర్జీవములైన యంత్రములకు నూనెపోసి, తుడిచి, కాపాడు యజమానులు సజీవయంత్రములైన మనుష్యులను ఏల కాపాడరని ఆయన ప్రశ్న. పనివాని దినచర్యను తెలుపుటకు నాలుగు రంగుల చిన్న కొయ్యను ప్రతివానియొద్దను వ్రేలాడదీయించెను. అది మందలింపునకు బదులుగా పెట్టిన గుర్తు. కాని పై మేస్త్రి వేసిన గుర్తు అన్యాయమని తోచినచో, పనివాడు నేరుగా ఓవెనుతో మొఱపెట్టుకొనవచ్చును. అమెరికానుండి పత్తి రాక మిల్లు నాలుగు నెలలు మూతపడినపుడు ఆయన పనివారికి పూర్తి జీతమిచ్చెను. ఆ నాలుగు నెలల జీతము సంపాదించి పెట్టిన నమ్మకమును ఏ బహుమతియు సంపాదింపలేదని చరిత్ర చెప్పును.

మన చెన్నపట్టణమునను ఇట్టి పాఠమే జరిగినది. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబరు యూనియను స్థాపింపబడెను. సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనువారు దానికి మూలపురుషులు, బి. పి. వాడియా అధ్యక్షుడు. బకింగుహాము, కర్ణాటిక్ మిల్లుల పనివారు ముందుగా చెప్పుకొనిన కష్టములలో ఒకటి ఏది? మధ్యాహ్న భోజనమునకిచ్చు విరామము చాలదనుట. పరుగున పోయి, నాలుగు ముద్దలు మ్రింగి, పరుగున తిరిగి రావలసి వచ్చెడిది. ఆలస్యమైన తలుపు మూయుదురను భయము. ఇది పైవారికి అల్పముగా తోచును. కాని మనుష్యుని క్రుంగదీయునవి ఎల్లప్పుడును పెద్ద విపత్తులే కావు. ప్రతిదినము తిరిగివచ్చు చిన్న అవమానములే పెక్కు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమునకు నలువదియెనిమిది గంటల పరిమితిని, పని నడుమ విశ్రాంతిని, ఐదువందలమంది పనివారున్న చోట సంక్షేమాధికారిని విధించెను. ఈ నిబంధనలలో ప్రతిదానివెనుకను ఇట్టి చిన్న మొఱలు వేలకొలది కలవు.

నేడు వైద్యశాస్త్రము ఈ విషయమును పేరుపెట్టి పిలుచుచున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో తన వ్యాధుల పట్టికలో, ఎడతెగని పని ఒత్తిడిచే మనుష్యుడు లోపల కాలిపోవు స్థితిని ప్రస్తావించెను. అది వ్యాధి కాదనియు, పనికి సంబంధించిన స్థితియనియు వివరించెను. దానికి మూడు గుర్తులు చెప్పిరి: శక్తి హరించిపోవుట, పనిపై విరక్తి కలుగుట, చేయు నేర్పు తగ్గుట. 2022లో అదే సంస్థ, క్రిందివారి మనోవ్యథను గుర్తించుటకును, సహాయము చేయుటకును మేనేజర్లకు శిక్షణమివ్వవలెనని సూచించెను. దోషము పనివానిలోనే కలదని చెప్పి వానిని ధైర్యముగా నుండుమనుట చాలదు, పని తీరునే సవరింపవలెనని దీని భావము.

మన సీమలో నేడు ఎఱ్ఱగుంట్ల సిమెంటు కర్మాగారములున్నవి. వాని చేరువనే రాయలసీమ తాపవిద్యుత్కేంద్రమున్నది. జమ్మలమడుగున రాతిగనులు, ప్రొద్దుటూరున బంగారు అంగళ్లు, మగ్గములు, బ్యాంకులు, బడులు, ఆసుపత్రులున్నవి. వీనిలో పెత్తనము చేయువారికి పైమాషీ కథనుండి కొన్ని మాటలు చెప్పదలచితిమి.

అకస్మాత్తుగా తప్పులు చేయుచున్న పాత ఉద్యోగిని, ఎప్పుడును నవ్వుచుండి ఇప్పుడు మాటాడకున్న గుమాస్తాను, సెలవులు పెరిగిన పనివానిని చూచినపుడు మందలింపు వ్రాయుటకు ముందు ఒంటరిగా పిలిచి, కూర్చుండబెట్టి, ఏమి కష్టమని అడుగవలెను. పదిమందిలో అడుగరాదు. చెప్పినదానిని ఇతరులకు చెప్పరాదు. చెప్పుచుండగా నడుమ బుద్ధులు చెప్పరాదు. వినిన పిమ్మట, అతని పనిలో ఏ భాగము భారమైనదో ఇద్దరును కలిసి విడదీయవలెను. పని ఎక్కువైనచో ఏది ముందు, ఏది పిదప, ఏది ఆగవచ్చును అని నిర్ణయించు భారము పైవానిది. నిదానము కావలసిన పనికి సంఖ్యల లక్ష్యము పెట్టరాదు. వేగము పెరిగినదని కొలబద్దను మార్చరాదు. కఠినమైన తీర్పులలో క్రిందివానిని ఒంటరిగా నిలుపరాదు. అన్నిటికంటె ముఖ్యము, తనపై పడిన ఒత్తిడినంతయు క్రిందికి పంపక, కొంత తనయందే ఆపి, మిగిలినదానికై పైవారికి వ్రాయవలెను. మన్రో 1807లో వ్రాసినది అట్టి జాబే. అది వెంటనే ఫలింపలేదు. వ్రాయకున్నచో ఎన్నటికిని ఫలించి యుండదు.

దుఃఖము మేనేజరు మాటలకు లొంగనంత పెద్దదైనపుడు వైద్యుని యొద్దకు పంపుటయు కర్తవ్యమే. అట్టివారికై మన దేశమున 2022 అక్టోబరు 10 నుండి టెలిమానస్ అను సేవ ఏర్పడినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసిన, రుసుము లేకుండ శిక్షితులైనవారు మాటాడుదురు. ఈ సంఖ్యను కార్యాలయపు గోడమీద వ్రాసి యుంచుట యజమానికి అవమానము కాదు. వైద్యుని చూచుటకు పోయినవాడు తిరిగివచ్చునప్పటికి వాని స్థానము వానికై యుండవలెను. అట్లు లేనిచో గోడమీది సంఖ్య వ్యర్థము.

ఈ విషయము కార్యాలయములకు మాత్రమే చెందినదని శ్రోతలు తలపరాదు. రేడియో వినుచున్న ఇండ్లలో ఒకరు పైయధికారియై యుందురు, ఒకరు క్రింది ఉద్యోగియై యుందురు. సాయంకాలము తలుపు తెరచి వచ్చిన మనిషి చేతిసంచితోపాటు తెచ్చు బరువును మొదట మోయునది ఆ యింటి ఇల్లాలును, పిల్లలును. మేనేజరు ఒక ఉద్యోగికి చేసిన న్యాయము నలుగురైదుగురు మనుష్యులకు చేసిన న్యాయము.

మన్రో తుదిదినములందు స్వదేశమునకు పోవ నిశ్చయించి, ఆ పోకకు పూర్వము తన పాత సీమలను ఒకసారి చూచుటకు బయలుదేరెను. 1827 జులై 6న పత్తికొండలో కలరా తగిలి మరణించెను. పులివెందుల ప్రాంతమున వేంపల్లి చేరువ, పాపఘ్ని కొండలను చీల్చుకొని వచ్చు గండియొద్ద, ఆయనకు ఆకాశమున బంగారు తోరణము కనబడెననియు, అది కనబడినవాడు ఎక్కువకాలము బ్రదుకడనియు జనులు కథగా చెప్పుకొనిరి. కథను కథగానే గ్రహింతము. కాని శిస్తు వసూలు చేసిన పరదేశపు అధికారిని గూర్చి రైతులు ఇట్టి కథ కల్పించుకొనిరనుట ఆలోచింపదగినది. తమ మొఱను ఒకడు వినెనని వారు నమ్మిరి. ఆ వినుట పూర్ణము కాదని, ఆలస్యమైనదని మనము చూచితిమి. పూర్ణముగా, సకాలమున వినుట నేటి పెద్దలకు మిగిలియున్న పని. ఆ పని ప్రారంభించుటకు సర్కారు ఉత్తరువు అక్కరలేదు. రేపు ఉదయము కార్యాలయమున ఒక కుర్చీ దగ్గరకు లాగి, ఎదుటివానిని కూర్చుండుమనిన చాలును.